మొలతాడు నీడ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా బిడ్డ ఏడవాల్సిన వేళ ఏడవదు.

బిడ్డ ఏడుపు విని పరుగెత్తే తల్లులను చూసి నేను కుళ్ళుకున్న రోజులున్నాయి. వాళ్ళకు కబురు అందుతుంది, నాకు అందదు. మా వర్షిక వెన్నుపూస పూర్తిగా మూసుకోకుండా పుట్టింది. మూడో రోజునే ఆపరేషన్ చేసి మూశారు. నడుము మీద అడ్డంగా ఒక మచ్చ మిగిలింది. ఆ మచ్చ కింద ఏం జరిగినా దానికి తెలియదు. రెండేళ్ళ వయసులో, గంజి వార్చి పక్కన పెట్టిన గిన్నెకు దాని మడమ ఆనుకుంది. నేను తిరిగి చూసేసరికి బొబ్బ లేచి ఉంది. అది మాత్రం గిన్నె మూతను నేల మీద గిరగిర తిప్పుతూ నన్ను చూసి నవ్వింది.

ఈ భయం నాకు బిడ్డతో మొదలైంది కాదు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా మా అమ్మకు పక్షవాతం వచ్చింది. చూసుకునేవాళ్ళు లేక నేను బడి మానేశాను. ఎనిమిది నెలలు అమ్మకు నేనే అన్నీ చేశాను. ఆసుపత్రిలో చెప్పి పంపిన మాట ఒకటే: చర్మం ఎక్కడైనా ఎర్రబడితే వెంటనే తీసుకురమ్మని. మాది మంచి నలుపు. అమ్మ వీపు మీద ఎరుపు ఎట్లా కనబడుతుందో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజూ చూశాను, రోజూ బాగానే ఉంది. ఒక రోజు స్నానం చేయిస్తుంటే నడుము కింద చర్మం నా వేలి కిందే మెత్తగా లోపలికి పోయింది. పుండు లోపల ఎన్నాళ్ళుగా పెరుగుతూ వచ్చిందో ఎవరికీ తెలియదు. అమ్మ పోయింది ఆ పుండుతోనే. 

అందుకే కోరుట్ల పక్కన మా బీడీల వాడకు నుస్రత్ మేడం తన అద్దంతో వచ్చిన రోజు, మిగతా ఆడవాళ్ళు వెనక నిలబడితే నేను ముందుకు వెళ్ళి కూర్చున్నాను.

మేడం హనుమకొండలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా, మెడలో కళ్ళద్దాలు వేలాడేసుకుని ఉంటుంది. అద్దం అంటే అరచేతిలో పట్టేంత నల్లటి బిళ్ళ. మా ఇంట్లో కూర్చుని ఉపన్యాసం ఇస్తుందనుకున్నాను. ఆమె మా కూరగాయల బుట్టలోంచి రెండు టమాటాలు అడిగి తీసుకుంది. రెండూ ఒక్క తీరుగా ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. వాటికి నీళ్ళలాంటి జెల్లు రాసి అద్దం ఆనించింది. ఫోనులో రెండు బొమ్మలు వచ్చాయి. ఒకటి పాల మీగడలాగ పొరలు పొరలుగా ఉంది. రెండోదాంట్లో ఒక మూల పొరలు చెదిరి నల్లగా నీరు ఊరినట్టుంది. కత్తితో కోస్తే రెండోది లోపల సరిగ్గా ఆ మూలనే నలిగి ఉంది.

మన చెవికి అందని శబ్దాన్ని ఈ అద్దం చర్మంలోకి పంపుతుందని, అది తగిలి తిరిగొచ్చే తీరును బట్టి లోపలి పొరల బొమ్మ గీస్తుందని ఆమె చెప్పింది. అట్లాంటి బొమ్మలు తీసే యంత్రాలు ముందునుంచీ ఉన్నవే. మేడం వాళ్ళు కనిపెట్టింది ఆ పైన ఉన్న లెక్క. లోపల ఎంత నీరు చేరింది, రోజుకు ఎంత చేరుతోంది అని చూసి, ఇట్లాగే ఉంటే ఎన్ని గంటల్లో చర్మం చిట్లుతుందో ఆ అద్దం అంకె వేసి చెబుతుంది. రెండు వందల గంటలు దాని పై హద్దు, ఆ అంకె వేస్తే నిబ్బరంగా ఉండొచ్చు. చర్మం నలుపా తెలుపా అన్నది దానికి పట్టదు.

మా అత్తమ్మ నర్సవ్వ బీడీల చాట పక్కకు పెట్టి, ఆ కోసిన టమాటాను ఎత్తి అటూ ఇటూ చూసింది. "మనిషిని కొయ్యకుండ చెప్తదా మరి?" అని అడిగింది. మేడం నవ్వి, అందుకే తెచ్చామని చెప్పింది.

అప్పటికి అద్దాలు దుకాణాల్లో లేవు. పరీక్ష కోసమని జిల్లాలో నూట అరవై ఇళ్ళకు ఇచ్చారు. మంచం పట్టినవాళ్ళు, మా వర్షికలాంటి పిల్లలు. అందులో మా ఇల్లు ఒకటి.

ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున స్నానం కాగానే వర్షికను బోర్లా పడుకోబెట్టి, ఐదు చోట్ల అద్దం ఆనించేదాన్ని. రెండు పిర్రలు, రెండు మడమలు, నడుము మధ్య మచ్చకు కాస్త కింద. నడుము దగ్గరికి వచ్చినప్పుడు దాని మొలతాడును బొటనవేలితో పైకి జరిపి పట్టుకునేదాన్ని. ఆపరేషన్ అయిన నెలకు మా అత్తమ్మ ఊరి బయటి దర్గాకు పోయి రాగి తాయెత్తు తెచ్చి దానికి కట్టింది. ఆ తాయెత్తుకు జెల్లు అంటితే పాపమని నా జాగ్రత్త. ఎప్పుడైనా మరిచిపోతే అద్దం కుయ్‌మని, 'మళ్ళీ తీయండి' అని ఫోనులో ఎర్ర అక్షరాలు చూపేది. వేలు పెట్టి జరిపితే సరిపోయేది.

నాలుగు నెలలు అన్ని చోట్లా రెండు వందలే. జీవితంలో మొదటిసారి నేను కడుపు నిండా తిన్నాననిపించిన నాలుగు నెలలవి. మా ఆయన పేరు తిరుపతి, వెల్డింగ్ షాపులో పని. బేరింగులు పెట్టి వర్షికకు ఒక చిన్న బండి చేశాడు. దాని మీద కూర్చుని, రెండు చేతులతో నేలను తోసుకుంటూ అది అంగన్‌వాడీకి నాకంటే ముందే చేరేది. మిగతా పిల్లలు ఆ బండి ఎక్కనివ్వమని దాని వెంట పడేవాళ్ళు. "పాట పాడినోళ్ళకే" అని అది ధర పెట్టేది.

ఐదో నెలలో నడుము దగ్గర అంకె నూట ఎనభైకి వచ్చింది.

వారం తిరిగేసరికి నూట యాభై. నేను మేడంకు ఫోన్ చేశాను. గంటకోసారి తిప్పి చార్టులో రాయమంది, తిప్పాను, రాశాను. వెల్లకిలా అస్సలు పడుకోబెట్టొద్దంది, మానేశాను. దూది పరుపు పంపింది, వేశాను. నూట ఇరవై. తొంభై ఆరు. బండి మీద కూర్చోవద్దంది. అంగన్‌వాడీ మాన్పించాను. పొద్దంతా బోర్లా పడుకుని వర్షిక బండకు చెంప ఆనించి, సుద్దముక్కతో చీమలు గీసుకునేది. బయట పిల్లల చప్పుడు వినబడితే తల ఎత్తి నన్ను చూసేది, అడిగేది కాదు. అడిగేది ఇంకొకటుండేది.

"అమ్మా, ఇయ్యాల నా నంబరెంత?"

నాలుగేళ్ళ పిల్ల. పొద్దున లేవగానే పాలకంటే ముందు ఆ మాట. తక్కువ వచ్చిన రోజు నా మొహం చూసి, తానేదో తప్పు చేసినట్టు, "రేపు మంచిగ తెచ్చుకుంట" అనేది.

నేను మాత్రం రోజుకు ఒక్కసారి చూడమన్నది ఎనిమిదిసార్లు చూడసాగాను. వంట మధ్యలో వచ్చి చూసేదాన్ని. చేయి వణికి అంకె రెండు తగ్గితే అన్నం సహించేది కాదు. ఒక రోజు తిరుపతి అద్దాన్ని నా చేతిలోంచి లాక్కుని అటక మీద పెట్టాడు. ఇది లేనప్పుడు పిల్ల నవ్వేది, నువ్వూ మనిషిలాగ ఉండేదానివి, ఇది వచ్చాక మన ఇంట్లో బతుకుతున్నది ఆ అంకె ఒక్కటే అన్నాడు. నేను స్టూలు వేసుకుని అద్దం కిందికి దించాను. మా అమ్మ వీపు మీద నా వేలు దిగిన చోటు ఆయన చూడలేదు కదా. ఆ మాట పైకి అనలేదు.

అంకె యాభై రెండుకు వచ్చిన రోజు మేడం మమ్మల్ని హనుమకొండకు రమ్మంది.

ఆటోలో బస్టాండుకు, అక్కడినుంచి బస్సులో. వర్షికను నేనూ అత్తమ్మా మార్చి మార్చి మా తొడల మీద బోర్లా వేసుకుని తీసుకెళ్ళాం. ప్రయోగశాల అంటే నేను ఆసుపత్రిలా ఉంటుందనుకున్నాను. రెండు గదులు, గోడంత తెర ఒకటి, బల్లల నిండా తీగలు. కంప్యూటర్ చూసే జనార్దన్ సార్ అనే పెద్దాయన, మేడం, మేము. అంతే.

వర్షికను బల్ల మీద పడుకోబెట్టి మేడం తనే అద్దం పట్టుకుంది. అలవాటు కొద్దీ నేను మొలతాడును బొటనవేలితో పైకి జరిపి పట్టుకున్నాను. తెర మీద పొరలు కనిపించాయి. అడుగున నల్లటి నీరు. ముప్పై ఎనిమిది.

మేడం కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ చూసింది. ముప్పై ఎనిమిదే. వెంటనే ఆసుపత్రిలో చేర్పించాలని, చిట్లితే ఆ మచ్చ దాకా పోతుందని, అక్కడినుంచి వెన్నులోకి చీము పోతే ఏమవుతుందో నాకు చెప్పాల్సిన పని లేదని అంది. తర్వాత నెమ్మదిగా ఇంకో మాట అంది. అద్దం అబద్ధం చెప్పడం లేదు, నేను చేస్తున్నానని చెప్పేవన్నీ నిజమైతే నీరు ఇట్లా పెరగకూడదు. రెండింట్లో ఒకటి ఎక్కడో తప్పుతోంది.

జనార్దన్ సార్ తెర వైపు చూస్తూనే, గంటకోసారి తిప్పడం ఎవరివల్లా కాదని, తల్లులు అలసిపోయి కునుకు తీస్తారని, చార్టులో మాత్రం తిప్పినట్టు రాస్తారని, అది తప్పు పట్టాల్సిన సంగతి కాదని అన్నాడు. మెత్తగానే అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. తొమ్మిదో తరగతి చదువుతో ఆ పెద్ద తెర ముందు నిలబడి, నా చార్టులో ప్రతి గంటా నిజమేనని ఎవరికి చూపించాలి?

నేను మూటలు సర్దుకోవడం మొదలుపెట్టాను. అత్తమ్మ వర్షికకు గుడ్డలు తొడుగుతోంది. దానికి ఒంటేలు ఆపుకోవడం తెలియదు కాబట్టి, మందంగా లంగోటా మడిచి, పైన రబ్బరు అంచున్న ప్లాస్టిక్ చడ్డీ వేస్తాం. ఈలోగా వర్షిక బల్ల మీదున్న అద్దాన్ని అందుకుంది. ఇంట్లో నేను చేసేది రోజూ చూస్తుంది కదా, చేయి వెనక్కి పెట్టి తన నడుముకు తనే ఆనించుకుంది.

కుయ్‌మంది.

గోడ మీద తెరలో ఒక బొమ్మ వచ్చి నిలిచింది. మా ఫోనులో ఇట్లాంటప్పుడు ఎర్ర అక్షరాలే వచ్చేవి, బొమ్మ ఎప్పుడూ కనిపించలేదు. పైన తెల్లటి గీత ఒకటి మెరుస్తోంది. దాని కింద అడుగుదాకా నల్లటి నీడ. అత్తమ్మ చడ్డీని నడుము దాకా లాగి, ఆ తెర వైపు తేరిపార చూసింది.

"గదేంది, బీడీ లెక్కున్నది?"

అది పనికిరాని బొమ్మ అని, కంప్యూటరే తీసేస్తుందని జనార్దన్ సార్ చెప్పాడు. ఆయన వేలు అప్పటికే మీట మీద ఉంది.

ఎట్లాంటివి తీసేస్తుందని నేను అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. జెల్లు చాలకపోతే, గుడ్డ అడ్డమొస్తే, లోహం ఏదైనా అడ్డమొస్తే అని ఆయన వరసగా చెప్పాడు.

లోహం.

"తీసెయ్యకండి సార్. అట్లనే ఉంచండి" అన్నాను.

ఆయన మేడం వైపు చూశాడు. మేడం ఉంచమని సైగ చేసి తెరకు దగ్గరగా వెళ్ళింది. నేను బల్ల దగ్గరికి వచ్చి చడ్డీ రబ్బరు అంచును కిందికి తిప్పాను. రాగి తాయెత్తు సరిగ్గా వెన్ను మీద, రబ్బరు కింద ఇరుక్కుని ఉంది. చిటికెన వేలి గోరంత. నేను అద్దం పెట్టినప్పుడల్లా నా బొటనవేలి కింద దాక్కున్న తాయెత్తు. నేను వేలు తీసిన మరుక్షణం మళ్ళీ అదే చోటికి వచ్చి, రోజంతా చడ్డీ అంచు కింద నొక్కుకుంటున్న తాయెత్తు. బోర్లా తిప్పినా, పక్కకు తిప్పినా, పరుపు మార్చినా దానికేం? అది పరుపు వైపు నుంచి నొక్కడం లేదు.

మేడం తెర మీద నల్లటి నీడ అంచులను వేలితో చూపించింది. నీడకు అటూ ఇటూ పొరలు చెదిరి, నీరు చేరి ఉంది. మేము ఇన్నాళ్ళూ చూసింది ఆ వాపు అంచును మాత్రమే. తాయెత్తును పక్కకు తప్పించి, సరిగ్గా అది ఉన్న చోటనే ఆమె అద్దం పెట్టింది.

పంతొమ్మిది.

వర్షిక తల తిప్పి, "ఎంతొచ్చింది?" అంది.

తాయెత్తు ముందు వైపుకు కదా ఉండాల్సింది, వెనక్కి ఎట్లా పోతోందని మేడం నన్ను అడిగింది. నాకు తెలియదు. జవాబు అత్తమ్మ దగ్గరుంది. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ముంగట ఉంటె ఉచ్చ తగులుతది. దేవుని వస్తువాయె. అందుకని గుడ్డ మార్చినప్పుడల్ల నేనే ఎనుకకు జరుపుతున్న బిడ్డా. రోజూ నేనే."

ఐదో నెల నుంచే ఎందుకు తగ్గిందో కూడా అప్పుడు తెలిసింది. పిల్ల ఎదిగింది, మొలతాడు బిగుసుకుంది, చడ్డీ మాత్రం పాత కొలతే. 

జనార్దన్ సార్ సొరుగులోంచి కత్తెర తీసి నాకిచ్చాడు. నేను దారం కిందికి కత్తెర పోనిస్తుంటే అత్తమ్మ చేయి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. మా వైపు మొలతాడు తెంపేది మనిషి పోయాకే. మామయ్యది తెంపిన రోజు ఆమె ఆ గదిలోనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. పంతొమ్మిది గంటల సంగతి ఆమెకూ ఇప్పుడు తెలుసు. ఆమె నన్ను ఆపితే తోసేస్తానా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. తోసేస్తాను. అత్తమ్మ అని కూడా చూడను.

"జర ఆగు పిల్లా. నడుము బోసిగ ఉండద్దు."

ఆమె నా చేయి వదిలి నడుముకు రొండిన దోపుకున్న సంచి తీసింది. అందులో వక్కలు, చిల్లర, బీడీలకు కట్టే దారపు ఉండ. ఆ దారాన్ని నాలుగు పేటలు వేసి పేనింది. తొడ మీద రెండుసార్లు రుద్ది, ఊది, వర్షిక కుడి చేతి దండకు చుట్టింది. మరీ బిగుతుగా కాకుండా రెండు వేళ్ళు పట్టేలా చూసుకుని ముడి వేసింది. "అడ్డమైనోళ్ళ దిష్టి పోవాలె, నా పొల్ల నడుము నిలవాలె" అని గొణిగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇగ తెంపు. తాయెత్తు నాకియ్యి, దండకు ఎక్కిస్త."

తెంపాను. దారం తెగిన చప్పుడు కూడా రాలేదు. చర్మం మీద చిన్న గుంట కనిపించింది, గోరుతో నొక్కినంత. ఎరుపు లేదు. కన్నుతో చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. చడ్డీ లేదు, అంచు లేదు, నడుము మీద గాలి తప్ప ఏమీ లేదు. మొదటి రోజు సాయంత్రం పదిహేడు. రెండో పొద్దున పదిహేడే. తిరుపతి పని మానుకుని వచ్చి, అద్దం వైపు చూడకుండా బిడ్డ తల వైపు కూర్చుని, దానితో చీమల కథలు చెప్పించుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఇరవై రెండు. అంకె పైకి వెళ్ళడం రెండు నెలల్లో అదే మొదటిసారి. నేను తప్పు చూశానేమోనని ఫోను ఆయనకిచ్చాను. ఆయన చాలాసేపు చూసి, "ఇరవై రెండే ఉన్నది నవనీతా" అని నా పేరు పెట్టి పిలిచాడు. మూడో రోజు నలభై. వారానికి నూట పది. పదిహేనో రోజు రెండు వందలు.

"మంచిగ తెచ్చుకున్న" అంది వర్షిక.

కథ ఇంతటితో అయిపోతే నేను రాసేదాన్ని కాదు.

మేము ఇంటికి చేరిన రోజే నుస్రత్ మేడం ఫోన్ చేసింది. కంప్యూటర్ పనికిరావని తీసేసిన బొమ్మలన్నిటినీ వెనక్కి తెప్పించానని చెప్పింది. నూట అరవై ఇళ్ళ నుంచి నాలుగు వందల పదమూడు బొమ్మలు. తెల్లటి గీత, కింద నల్లటి నీడ. యంత్రం సరిగ్గా పనిచేస్తోందని చూపించే తొందరలో, యంత్రానికి నచ్చని బొమ్మలను మేమెవరమూ తెరిచి చూడలేదమ్మా అంది. జనార్దన్ సార్ కూడా ఫోను తీసుకుని, నా చార్టు గురించి అన్న మాటకు క్షమించమన్నాడు. ఆయన గొంతు బాగా తగ్గిపోయి ఉంది. తర్వాత మేడం అసలు సంగతి అడిగింది. వాళ్ళ మనుషులు ఆ ఇళ్ళకు ఫోన్ చేసి, ఒంటి మీద ఏదైనా వస్తువు ఉందా అని అడుగుతుంటే అందరూ లేదంటున్నారు.

నాకు నవ్వొచ్చింది. మొలతాడును వస్తువని ఎవరంటారు? ఒంట్లో భాగం కదా.

నేను చేస్తానన్నాను. నాలుగు రోజులు, అత్తమ్మ చాట పక్కన కూర్చుని ఫోన్లు చేశాను. మొదట యోగక్షేమాలు అడిగేదాన్ని, తర్వాత మొలతాడుకు ఏం కట్టుకున్నారు, అది ఇప్పుడు ఏ పక్కన ఉంది అని. అప్పుడు ఒక్కొక్కటే బయటపడ్డాయి. బీరువా తాళంచెవి. పిన్నీసుల గుత్తి. చనిపోయిన అన్న వెండి ఉంగరం. కొబ్బరికాయ కొట్టి కట్టించుకున్న రాగి రేకు. మంచంలో ఉన్న ఒక ముసలామె నడుము కిందికి రొండి సంచి పోయింది, అందులో అడకత్తెర ఉంది. అడకత్తెర మీద ఆర్నెల్లుగా పడుకుందని చెబుతూ ఆమె కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. కొందరు తెంపమంటే ఒప్పుకోలేదు. అట్లాంటి ఇళ్ళకు అత్తమ్మ ఫోను అందుకునేది. ముందు దండకు కట్టు, అటెన్క నడుముది తెంపు, నేను నా మనవరాలికి చేసిన, పొల్ల నిక్షేపంగ ఉన్నది అని చెప్పేది. బీడీ చుడుతూనే చెప్పేది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

నలభై మూడు ఇళ్ళలో దొరికింది. నలభై రెండు చోట్ల అంకె తిరిగి ఎక్కింది.

ఒక్క ఇంట్లో ఆలస్యమైంది. తాళంచెవి కిందే చర్మం చిట్లి ఆయనను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండో రోజు పోయాడు. నేను ఫోన్ చేసినప్పుడు ఎత్తింది కూతురు. "మీరు నెల ముంగట చేస్తే మంచిగుండేది అక్కా" అంది. తిట్టలేదు. ఆ మాట నేను మేడంకు చెప్పాను. ఆయన నీడ బొమ్మ ఆమె దగ్గరికి నెల ముందే వచ్చింది.

ఇప్పుడు అద్దం ఏ బొమ్మనూ తీసేయదు. నీడ కనబడితే ఆగి, మనిషి గొంతుతో అడుగుతుంది. "ఇక్కడ ఏం కట్టుకున్నరు? జరిపి, దాని కింద పెట్టి చూపించండి." ఆ గొంతు నాది. ప్రయోగశాలలో చదువుకున్నవాళ్ళ గొంతులు మూడు పరీక్షించి, వినేవాళ్ళు అడగ్గానే జవాబిచ్చేది ఎవరికో చూసి, నాది పెట్టారు. ఈ ఏడాది ఆ అద్దాలు నాలుగు జిల్లాల్లో సర్కారు దవాఖానాలకు వెళ్ళాయి. మొదటి రోజు మా ఇంట్లో దాన్ని పెట్టి చూపిస్తే వర్షిక అద్దాన్ని చెవికి ఆనించుకుని, తిప్పి, వెనక చూసి, "అమ్మా, నువ్వు దీంట్ల ఎట్ల పట్టినవ్?" అని అడిగింది. 

దాని బండికి తిరుపతి కొత్త బేరింగులు వేశాడు. పొద్దున ఒక్కసారి అద్దం, తర్వాత అంగన్‌వాడీ. నంబరెంత అని అది అడగడం మానేసి చాలా రోజులైంది. నేను ఎనిమిదిసార్లు చూడడమూ మానేశాను. రెండుసార్లు చూస్తాను. ఒకటి మేడం చెప్పింది, ఒకటి నా కోసం.

నా జాబితాలో ఒక్క ఇంటికి ఇంకా టిక్కు పడలేదు. పేరు ఓదెలు, వయసు అరవై రెండు, చెట్టు మీదినుంచి పడి నడుము పోయింది, చూసుకునేది కూతురు లింగవ్వ. పరీక్ష కోసం అద్దాలు పంచిన శిబిరంలో అద్దం తీసుకున్నారు, ఫారంలో ఊరి పేరు రాయలేదు. ఇచ్చిన నంబరు మోగడం లేదు. పత్తి ఏరే పనికి ఎటో వెళ్ళారని ఎవరో అన్నారు. ఆయన ఆఖరు బొమ్మలో తెల్లటి గీత ఉంది, కింద నీడ ఉంది. తర్వాత బొమ్మలు రాలేదు. 

మీ ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కూలీల గుడిసెల్లో మంచం దిగని పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆయన పేరు ఓదెలు కాకపోయినా సరే, ఒకసారి వెళ్ళండి. అద్దం లేకపోయినా పర్వాలేదు. పక్కకు తిప్పి, నడుము కింద ఏం ఇరుక్కుని ఉందో చేత్తో తడిమి చూడండి. నొప్పి ఉందా అని మాత్రం అడగకండి, లేదనే చెబుతాడు.